తిన్నె మీద చెప్పిన మాట

"మిరపకాయ మూటలు తిన్నె మీద పెడితే నీకేమి పోతాది?" అని జానకియమ్మాళ్ అప్పటికి ఎన్నోసారో అడిగింది.

"బిడ్డలు తుమ్ముతారత్తా," అని బృంద కూడా పాత జవాబే మళ్ళీ చెప్పింది. "పోయిన తూరి ఒక్క మూట పెట్టినందుకే లెక్క వేసేవాళ్ళ కంటే తుమ్మేవాళ్ళు ఎక్కువైరి."

"తుమ్మితే తుమ్మనీ. మిరపచేను బిడ్డలుదానే వాళ్ళు. మా కాలంలో మేము మిరపకాయల పక్కనే పండుకొని నిద్దర పోతిమి."

"మీ కాలంలో పదో తరగతి పరిచ్చ లేదు గదా."

"లేదు. అందుకేదా నిద్దర వచ్చింది."

పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న అభినయ కిసుక్కున నవ్వింది. "అవ్వ గెలిచిందమ్మా, విడిచిపెట్టు," అంది.

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళ వాదం ఎప్పుడూ అలాగే ఉంటుంది. జానకియమ్మాళ్ అత్తగారు కాకముందే బృందకు సొంత మేనత్త. చంకనెత్తుకుని తిప్పిన మనిషి. ఒకరినొకరు మాట అనడానికి ఇద్దరికీ భయం లేదు, అన్నాక మనసులో పెట్టుకోవడమూ లేదు. ఆ ఏడు ఎండుమిరపకాయలకు ధర పలకలేదని బృంద భర్త దామోదరసామి మూటలు అమ్మకుండా ఆపాడు. లోపలి గది నిండిపోయింది. మిగిలినవి తిన్నె మీదికి చేర్చాలని అత్త పట్టు. సోమవారం బడి తెరిస్తే సాయంకాలం పిల్లలు వచ్చి కూర్చునేది ఆ తిన్నె మీదే కదా అని కోడలి బాధ. తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి చేల నడుమ ఉన్న ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ తిన్నె ఉంది గానీ, పిల్లలు పలకలూ పుస్తకాలూ పరుచుకుని కూర్చునేంత పొడుగు తిన్నె ఆ ఇంటికొక్కదానికే ఉంది.

ఇలాంటి తగాదాల్లో దామోదరసామి తల్లి పక్షాన ఒక మాట, పెళ్ళాం పక్షాన ఒక మాట అని, ఇద్దరి చేతా తిట్లు తిని, కాఫీ తాగి లేచిపోవడం అలవాటు. ఆ రోజు మాత్రం గ్లాసు కింద పెట్టి, "మూటలు పెట్టించమ్మా," అన్నాడు. తర్వాత బృంద వైపు చూడకుండానే, "ఈ ఏడు తిన్నె బడి వద్దులే బృందా. పోయిన ఏడంతా నీకు ఒళ్ళు అలిసిపాయె. సాయంకాలమైనా రవంత కూచో," అన్నాడు.

బృందకు ఆ మాట చల్లగా తగిలింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆమె అలసట గురించి వచ్చిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "అలుపు ఏమి లేదు బావా," అంది మెత్తబడిపోయి. "అసలు పని ఇప్పుడుదానే మొదలు. పదో తరగతికి వచ్చిరి."

ఆయన కండువా దులుపుకుని బయటికి నడిచాడు. మూటలు తిన్నె మీదికి చేరాయి. ఒక మూలకు పెట్టించి, మిగతా చోటు తుడిచి, బృంద అప్పటికి సర్దుకుంది.

ఆ ఊరి బడి జానకియమ్మాళ్ భర్త రంగసామి కట్టించింది. ఆయన పోయాక కమిటీ సెక్రటరీ పదవి కొడుకు దామోదరసామికి వచ్చింది. జీతాలు ప్రభుత్వానివి, గోడలు కమిటీవి. బృంద ఆ బడిలో లెక్కల టీచరు. పెళ్ళై విరుదునగర్ నుంచి వచ్చిన కొత్తలో చేరింది, ఆ సుద్దముక్కల పొడితోనే జుట్టు సగం నెరిసింది.

రెండేళ్ళ కిందట పదో తరగతి ఫలితాలు బాగా పడిపోయాయి. ఇప్పటి చట్టాల ప్రకారం అలా పడిపోయిన బడి ఊరుకుంటే కుదరదు. జిల్లా సమీక్షకు పిలుస్తారు. నిలబెట్టి అడుగుతారు. దామోదరసామిని కూడా హాలు నిండా జనం మధ్య లేపి నిలబెట్టారు. మైకు పట్టుకున్న అధికారి, "దీనికి బదులు తాళం వేసుకుంటే కరెంటు బిల్లయినా మిగులుతుంది కదయ్యా," అన్నాడట. అందరూ నవ్వారట. ఆ సాయంకాలం ఇంటికి వచ్చి ఆయన విస్తరి ముందు కూర్చుని, అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. తండ్రి పటం కింద చాలాసేపు నిలబడ్డాడు.

తల్లిదండ్రులతో కూర్చుని బడి బాగుకు ఒక ప్రణాళిక రాసుకుని పంపాలని చట్టం. చాలా బళ్ళు పక్క బడి రాసినదాన్నే తెచ్చి ఊరి పేరు మార్చి పంపిస్తాయి. ఒక బడి ఊరి పేరు మార్చడం కూడా మరిచిపోయిందని ఆఫీసులో కథగా చెప్పుకునేవారు. హెడ్మాస్టరు రంగరాజన్ కూడా ఆ దారే చూశాడు. ఆయన రిటైరు కావడానికి ఎక్కువ కాలం లేదు. సెక్రటరీ ఎటు అంటే అటు తల ఊపే మనిషి. "నేను రాస్తా," అని బృందే పూనుకుంది.

రాయబోతే ఆమెకు తెలిసి వచ్చింది, తన పిల్లలకు ఏమి రాదో తనకే తెలియదని. తరగతిలో "అర్థమైందా" అని తమిళంలో అడిగితే అందరూ ఒక్క గొంతుతో "అయింది టీచర్" అంటారు. ఊళ్ళో అందరివీ తెలుగు మాట్లాడే ఇళ్ళే. గడప దాటితే తమిళం. బడిలో మాట్లాడేది, రాసేది, తల ఊపేది అంతా తమిళమే. తెలియదని చెప్పడానికి మాత్రం ఆ భాష పిల్లల నోట రాదు.

ఒకనాడు కార్తీశ్వరి మజ్జిగ గిన్నె తిరిగి ఇవ్వడానికి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. తొమ్మిదో తరగతి. అభినయతో పక్క పక్కన కూర్చుంటుంది. బృంద చింతపండు గింజలు తీస్తూ, ఏదో ఊసుపోకకు ఇంటి మాటలో అడిగింది. "ఏమే, నిజంగా చెప్పు. పళ్ళికూడంలో నీకు ఏమి కష్టంగా ఉండాది?"

ఆ పిల్ల గిన్నె అంచు గోటితో గీకుతూ, "చదివేది రాదత్తా," అంది.

"ఏ పాఠం?"

"ఏదీ రాదు. అచ్చరాలు కూడినాక ఏముండాదో తెలవదు. అభినయ చదివేటప్పుడు విని, అట్లే చెప్తా."

బృంద చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. తమిళ పద్యాలు ఆ పిల్ల తప్పు లేకుండా అప్పజెప్పేది. బహుమతి కూడా ఇచ్చారు.

అలా పుట్టింది తిన్నె బడి. అదే ఆమె ప్రణాళిక. వెనకబడ్డ పిల్లలు సాయంకాలం తిన్నె మీదికి రావాలి. అక్కడ అంతా ఇంటి మాటే. అక్కడ ఆమె టీచరు కాదు, అత్త. ఎవరికి ఏమి రాదో దాచకుండా చెప్పాలి. బదులుగా ఆమె ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది, ఇక్కడ చెప్పింది పళ్ళికూడానికి పోదు, మీ ఇండ్లకూ పోదు అని. ఆ ఊళ్ళో తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు అంటే పిల్లలు నవ్వుతూ తీసుకునేది కాదు. మర్నాటి నుంచి ఒక్కొక్కళ్ళ నోరు విడిచింది. భాగహారం రాదన్నవాడొకడు. గడియారం చూడడం రాదన్నదొకతి. ఏడుగురు తేలారు, మిగతావాళ్ళతో సమానంగా నడవాలంటే మొదటి నుంచి మొదలుపెట్టాల్సినవాళ్ళు.

దామోదరసామి తిన్నె దీపానికి కొత్త బల్బు వేయించాడు. గడప లోపల పడక కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. మధ్యమధ్య, పిల్లలు వెళ్ళాక, "ఎనిమిదో ఎక్కం దగ్గర ఏడ్చిందే, ఆ బిడ్డ ఎవరిది?" అని అడిగేవాడు. బృంద చెప్పేది. పళ్ళికూడానికి పోకూడదు, వాళ్ళ ఇళ్ళకు పోకూడదు అని కదా ఒట్టు. ఇది తన ఇల్లు, ఆయన తన మనిషి. ఇన్నాళ్ళకు ఆయనకు కూడా పిల్లల మీద మనసు పోయిందని లోపల పొంగిపోయేది.

తల్లుల మీటింగులో ప్రణాళిక చదివినప్పుడు ఆమె ఎనభై ఐదు శాతం పాసు అని రాసింది. అదే ఎక్కువ అనుకుంది. దామోదరసామి లేచి, "ఎనభై ఐదు కాదు, నూరు," అన్నాడు. "మా టీచరమ్మ ఉండంగా నూటికి నూరు వస్తాది." తల్లులు చప్పట్లు కొట్టారు. బృంద కళ్ళల్లో నీళ్ళు తిరిగి, కొంగు సర్దుకునే వంకతో తల తిప్పుకుంది.

సోమవారం బడి తెరిచారు. పదో తరగతిలో హాజరు పిలుస్తుంటే కార్తీశ్వరి పేరు లేదు. తల ఎత్తి చూసింది. వెనక బెంచీలు బోసిగా ఉన్నాయి. తిన్నె మీద కూర్చున్న ఏడుగురిలో ఒక్కరూ లేరు. అభినయ తల్లి ముఖం చూసి కిందికి చూసింది.

హెడ్మాస్టరు గదికి వెళ్ళి అడిగితే రంగరాజన్ కిటికీ వైపు చూశాడు. "టి.సి. తీసుకుని వెళ్ళారమ్మా. వాళ్ళే వచ్చి అడిగారు," అన్నాడు.

"ఏడుగురూనా సార్?"

"సెలవుల్లో. ఒకరి తర్వాత ఒకరు." బల్ల మీది కాగితాలు సర్దుతూ, "సెక్రటరీ ఇంట్లో చెప్పలేదా?" అన్నాడు. తర్వాత గంట కొట్టే వేళయిందని తనే లేచి వెళ్ళాడు. గంట కొట్టే మనిషి ఉండగానే.

ఆ సాయంకాలం బృంద ఇంటికి వెళ్ళకుండా ముత్తుప్పేచ్చి ఇంటికి వెళ్ళింది. ముత్తుప్పేచ్చి కార్తీశ్వరి తల్లి. కోవిల్‌పట్టిలో వేరుసెనగల కడలమిఠాయి పొట్లాలు కట్టే చోట పని. అప్పుడే బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. మామూలుగా అయితే, "రా వదినా, ఏమి ఇంత దూరం," అనేది. ఆ రోజు లోపలి నుంచి కుర్చీ తెచ్చి వాకిట్లో వేసి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, "కూర్చోండి టీచర్," అంది. తమిళంలో అంది.

బృందకు మొదట ఏదో పొరపాటనిపించింది. "ఏమి ముత్తుప్పేచ్చి, బిడ్డ పళ్ళికూడానికి రాలేదు?" అని ఇంటి మాటలోనే అడిగింది.

ముత్తుప్పేచ్చి తమిళం విడవలేదు. ఆఫీసులో అధికారి ముందు మాట్లాడినట్టు, మెల్లగా, మర్యాదగా చెప్పింది. "మీరు చెప్పినట్టే చేశాం టీచర్. సెక్రటరీ అయ్య వచ్చారు. మీ అమ్మాయి గట్టెక్కదని టీచరే చెప్పింది, బడిలో ఉంటే ఫెయిలై పరువు పోతుంది, విరుదునగర్‌లో టీచర్ తమ్ముడి ట్యుటోరియల్‌లో చేర్చమని టీచరే అంది అన్నారు. సంతకం పెట్టాను."

"నేను అట్ల చెప్పలేదు."

"ఒక్క అక్షరం చదవడం రాదని కూడా చెప్పారు. అది ఎవరికీ తెలియదు టీచర్. నాకే తెలియదు. నా బిడ్డ మీకు ఒక్కరికే చెప్పుకుంది."

తలుపు చాటున కార్తీశ్వరి నిలబడి ఉంది. బృంద చెయ్యి చాపితే దగ్గరికి రాలేదు. "నాలుగు రోజులు బస్సులో పంపాం," అని తల్లి చెబుతూనే ఉంది. "పోవడానికి రావడానికి పొద్దు పోతుంది. అక్కడ కూడా రాదని చెప్పడానికి భయపడి మానుకుంది. ఇప్పుడు నాతోనే పొట్లాలకు వస్తుంది. వేళ్ళు చురుకు."

"కార్తీ," అంది బృంద. "నేను తల మీద చెయ్యి పెట్టి చెప్పినా గదా."

"ఆమా టీచర్," అని ఆ పిల్ల కూడా తమిళంలోనే అవునంది. లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం బృంద కోవిల్‌పట్టి వెళ్ళి విరుదునగర్ బస్సెక్కింది. చిన్నప్పటి నుంచి ఎన్ని వందలసార్లు తిరిగిన దారో. సాత్తూరు దాటాక పుట్టిల్లు దగ్గర పడుతుందంటే ఎప్పుడూ తేలికపడే మనసు ఆ రోజు బిగుసుకుపోయింది. తమ్ముడు హరిహరన్ ట్యుటోరియల్ ఒక పరోటా కొట్టు మేడ మీద ఉంది. మెట్ల పొడుగునా నూనె వాసన. గదిలో ముప్ఫై నలభై మంది పిల్లలు, ఒక గోడకు బోర్డు. తన ఏడుగురిలో ఇద్దరు మాత్రం చివర కూర్చుని ఉన్నారు. బృందను చూసి పుస్తకం కళ్ళకు ఎత్తి పెట్టుకున్నారు.

"రా అక్కా. ఫోన్ చేసుంటే బస్టాండుకు వచ్చుంటానే," అన్నాడు హరిహరన్. "కూచో. కింద నుంచి పరోటా తెప్పిస్తా."

"వద్దు. ఈ బిడ్డల్ని నీ దగ్గరికి ఎవరు పంపిరి?"

వాడు వింతగా చూశాడు. "నువ్వుదానే. బావ ఫోన్ చేసి, అక్క కొంత మంది బిడ్డల్ని పంపిస్తాంది, ప్రైవేటుగా రాయించు అన్నాడు."

"నన్ను ఒక మాట అడగాలనిపించలేదా నీకు?"

"అడిగేదానికి ఏముండాది? బావ మాట అంటే నీ మాట గదా."

వాడి ముఖంలో కపటం లేదు. అందుకే ఆ మాట మరింత లోతుకు దిగింది. రంగరాజన్ అలాగే అనుకున్నాడు. ముత్తుప్పేచ్చి అలాగే అనుకుంది. ఇప్పుడు తోడబుట్టినవాడు. ఊరూ పుట్టిల్లూ ఆయన నోట ఆమె గొంతు విన్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

"ప్రైవేటుగా రాసి ఫెయిలైతే?" అని అడిగింది.

"ఫెయిలైతే ఏ పళ్ళికూడం లెక్కలోకీ రాదు అక్కా," అని ఓదార్పుగా చెప్పాడు హరిహరన్. "అదిదా ఇందులో సౌకర్యం. మీ బడికి దెబ్బ తగలదు."

సూర్యుడు ఇంకా పూర్తిగా దిగకముందే ఇల్లు చేరింది. దామోదరసామి పడక కుర్చీలో ఉన్నాడు. జానకియమ్మాళ్ వాకిట్లో చిమ్ముతోంది. బృంద చెప్పులు విడిచి నేరుగా ఆయన ముందుకు వెళ్ళింది.

"విరుదునగర్ పోయి వస్తిని."

"హరి ఫోన్ చేసినాడు," అన్నాడు ఆయన. పేపరు మడిచాడు. తడబడలేదు. ఈ రోజు ఎప్పుడో వస్తుందని ఎదురు చూస్తున్నవాడిలా ఉన్నాడు.

"నేను ఆ మాట ఎప్పుడు చెప్పినా బావా?"

"చెప్పినావు. వంటింట్లో. పొయ్యి ముందర కూచొని, ఈ బిడ్డ గట్టెక్కదు బావా అంటివా లేదా?"

బృందకు గుర్తుకు వచ్చింది. మాసి నెల చివర్లో, పెద్ద పరీక్షలకు ముందు ఒకనాడు. కార్తీశ్వరి నెలల తరబడి నేర్చుకున్న వాక్యం మళ్ళీ చదవలేకపోయిన రోజు. నడుము నొప్పిగా ఉంది. పాలు పొంగిపోయాయి. ఆ విసుగులో అన్న మాట. మర్నాడే ఆ పిల్ల రెండు వాక్యాలు చదివింది. అది కూడా చెప్పింది ఆయనకు, నవ్వుతూ చెప్పింది. ఆ మాట ఆయనకు గుర్తు లేదు.

"అలిసి అంటిని. మొగుడితో అంటిని. సెక్రటరీతో అనలేదు."

"ఇంట్లో ఒకడు, పళ్ళికూడంలో ఒకడు ఉంటాడా? ఉండేది నేను ఒక్కడేదా." ఆయన గొంతు కొంచెం లేచి మళ్ళీ తగ్గింది. "నన్ను లేపి నిలబెట్టింది నువ్వు చూడలేదు. నాయన పేరు చెప్పి నవ్విరి. ఇంకొక తూరి పడిపోతే ఊరి జనం బిడ్డల్ని వేన్ ఎక్కించి ఇంగ్లీషు బడికి పంపిస్తారు. బిడ్డలు తగ్గితే వాద్యార్లను తీస్తారు. అప్పుడు తాళమేదా. ఏడు మంది కోసరం బడినే పోగొట్టుకోమంటావా?"

"ఆ ఏడు మంది కోసరంగదా ప్రణాళిక రాసింది. నూరు అని లేచి చెప్తిరి. నన్ను నమ్మి చెప్తిరి అనుకొంటి."

ఆయన మడిచిన పేపరును ఇంకోసారి మడిచాడు.

"అప్పుడే అనుకొన్నారా ఇట్ల చెయ్యాలని?"

"నూరు రావాలంటే ఇంకెట్ల వస్తాది బృందా," అన్నాడు దామోదరసామి. చిన్నపిల్లకు తెలిసిన విషయం చెబుతున్నట్టు, దయగానే అన్నాడు.

తిన్నె దీపానికి ఆయన వేయించిన బల్బు, గడప లోపల కుర్చీ, ఆ బిడ్డ ఎవరిది అని అడగడాలు, అన్నీ ఆమె కళ్ళ ముందు ఒక్కొక్కటిగా తిరగబడ్డాయి. ఏ బిడ్డ బలహీనమో వెతికి పట్టుకోవడానికి ఆయనకు పరీక్షలు అక్కర లేకపోయింది. ఆమె ఒట్టు వేసి వాళ్ళ నోళ్ళు తెరిపించింది, ఆయన చెవి ఒగ్గి కూర్చున్నాడు.

జానకియమ్మాళ్ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింది. "బృందా, పోనీలే. మీ మామ ఆ బడి కట్టేదానికి చేను అమ్మినాడు," అంది మెల్లగా. "వాడు చేసింది నాయన పేరు కోసరందా."

"నా పేరు కోసరం ఎవరు చూస్తిరత్తా?" అంది బృంద. అత్త చీపురు గోడకు ఆనించి లోపలికి వెళ్ళింది. ఆ తగాదాలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మసక పడకముందే బృంద మళ్ళీ బయటికి వెళ్ళింది. ఏడు ఇళ్ళకూ వెళ్ళింది. ఇద్దరు తలుపు తియ్యలేదు. ఒక తండ్రి, "మీ మొగుడూ పెళ్ళాల నడుమకు మేము రాము," అన్నాడు. మిగతావాళ్ళు విన్నారు. చివరికి ముత్తుప్పేచ్చి వాకిట్లో, వేసిన కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది, గట్టెక్కదని అన్నది నిజమేనని, అలసి అన్నానని, బడి నుంచి పంపించమని మాత్రం ఏనాడూ అనలేదని. ముత్తుప్పేచ్చి అంతా విని, "మీ ఇంటాయన మీద మీరే చెబుతారా?" అని అడిగింది.

"చెప్తా."

"అయితే వస్తాను టీచర్," అంది. ఆ మాట కూడా తమిళంలోనే అంది.

ఆదివారం పొద్దున్నే హరిహరన్ పాల్‌కోవా పొట్లం పట్టుకుని దిగాడు. దామోదరసామి పిలిపించాడని అడగకుండానే తెలుస్తోంది. మధ్యాహ్నం దాకా అక్క వెనక వంటింట్లోకీ పెరట్లోకీ తిరిగాడు. "బావకు మనసు కష్టంగా ఉండాది అక్కా. నీకు చెప్పకుండా చేసింది తప్పని ఆయనే అంటాడు. ఆ బిడ్డల్ని నేనే ప్రత్యేకంగా చూసుకొంటా, సరియా? ఇంటి మాట ఇంట్లో తీర్చుకొందాం." బృంద ముల్లంగి తరుగుతూ ఊ కొట్టలేదు, కాదనలేదు. వాడికి ఆశ పుట్టింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్త గోడకు ఆనుకుని, దామోదరసామి, హరిహరన్ ఎదురెదురుగా, అభినయ చివర. బృంద వడ్డించింది. సాంబారు రెండోసారి అడిగినవాళ్ళకు రెండోసారి పోసింది. హరిహరన్ ఒక జోకు వేశాడు. దామోదరసామి కూడా కొంచెం నవ్వాడు. మజ్జిగ దాకా వచ్చాక బృంద గరిటె గిన్నెలో పెట్టి, తను కూడా పీట లాక్కుని అందరి ముందూ కూర్చుంది.

"ఒక మాట చెప్పాల," అంది. గొంతు పెంచలేదు. ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు. "రేపు పొద్దున బస్సుకు నేను విద్యాధికారి ఆఫీసుకు పోతా. ముత్తుప్పేచ్చి వస్తాది, ఇంకా ముగ్గురు తల్లులు వస్తామనిరి. బిడ్డల్ని మళ్ళా మన పళ్ళికూడంలోనే చేర్చుకోవాలని అడుగుతా. టి.సి. వాళ్ళంతట వాళ్ళు అడగలేదని, నేను చెప్పమనలేదని, సెక్రటరీ నా పేరు వాడుకొనె అని చెప్తా. ఇది నాకు తెలిసిన విషయం, నా నోటితో చెప్పాల."

హరిహరన్ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "అక్కా, బావ పదవి పోతాది. బడికి నోటీసు వస్తాది."

"రావచ్చు. నాకూ రావచ్చు." బృంద దామోదరసామి వైపు తిరిగింది. "వెనక నుంచి చేసినా అని మీరు అనకూడదు బావా. అందుకే అందరి ముందర ముందుగా చెప్తా ఉండా. మీరు కూడా రావాలంటే రండి, మీ మాట మీరు చెప్పుకోండి. రాకపోతే నాది నేను చెప్పి వస్తా."

ఆయన తల ఎత్తలేదు. జానకియమ్మాళ్ కొడుకు వైపు చూసింది. అభినయ తల్లినే చూస్తోంది.

"సాయంకాలం బస్సుకు తిరిగి వచ్చేస్తా," అంది బృంద. "చారు కాచి, అన్నం వార్చి పెట్టి పోతా. అత్త ఒక్కతే పొయ్యి దగ్గర అవస్థ పడాల్సింది లేదు."

తర్వాత మజ్జిగ గిన్నె అందుకుని, ఎవరి ఆకులో తక్కువైందో చూసి పోయడం మొదలుపెట్టింది.